ప్యాచ్ మారగానే సౌండ్ ఎందుకు ఎగురుతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ల్యాప్‌టాప్ పెట్టుకుని స్టేజీ మీద కీబోర్డ్ వాయించేవాళ్లవే, అందరి గోడూ దాదాపు ఒక్కటే: ప్యాచ్ (ఒక వాయిద్యం సౌండ్‌కి సేవ్ చేసి పెట్టుకున్న సెట్టింగ్) మారితే చాలు, వాల్యూమ్ అదుపు తప్పడం. అందుకే మిగతా విషయాలు వచ్చే సంచికకు పెట్టి ఈ నెల మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: ఆదివారాలు చర్చిలో, మిగతా రోజుల్లో పెళ్లిళ్లకూ సంగీత్‌లకూ వాయిస్తాను. మ్యాక్‌బుక్‌లో మెయిన్‌స్టేజ్ సాఫ్ట్‌వేర్, ముందు 61 కీల మిడి కంట్రోలర్. పియానో ప్యాచ్ నుంచి స్ట్రింగ్స్‌కి మారితే సౌండ్ ఒక్కసారి మీద పడుతుంది, బ్రాస్ అయితే ఇంకా ఘోరం. కంట్రోలర్ మీదున్న స్లైడర్‌తో తగ్గిస్తాను, ప్యాచ్ మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కోసారి స్లైడర్‌ని ముట్టుకోగానే సౌండ్ దబ్బున పడిపోతుంది. కంట్రోలర్ పాడైందా అన్నా? కొత్తది కొనాలా?
(సికింద్రాబాద్ నుంచి ఒక కీబోర్డ్ ప్లేయర్)

కొనొద్దు. కంట్రోలర్ బాగానే ఉంది. మీరు ఒకే స్లైడర్ మీద రెండు పనులు వేశారు, ఆ రెండూ ఒకదాన్నొకటి చెడగొడుతున్నాయి. ప్యాచ్‌కీ ప్యాచ్‌కీ మధ్య ఉన్న హెచ్చుతగ్గులు సరిచేయడం ఒక పని, అది ఇంట్లో కూర్చుని ఒకసారి చేసి సేవ్ చేసేయాల్సింది. పాట నడుస్తుండగా పాడేవాళ్లను బట్టి పెంచుకోవడం, తగ్గించుకోవడం ఇంకో పని, అది అక్కడికక్కడ చేతితోనో కాలితోనో చేయాల్సింది. మొదటిది పూర్తి కాకుండా స్టేజీ ఎక్కితే పాటంతా స్లైడర్ వెంట పరిగెత్తడమే సరిపోతుంది, వాయించడానికి చెయ్యి మిగలదు.

ముందు ఆ 'దబ్బున పడిపోవడం' సంగతి చూద్దాం. స్లైడర్ కదిపితే కంట్రోలర్ నుంచి సౌండేమీ వెళ్లదు, 0 నుంచి 127 లోపు ఒక అంకె వెళుతుంది, అంతే. కీబోర్డ్‌లూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష మిడి, 1983లో అది వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఆ అంకెను దేనికి వాడాలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఇప్పుడు మీరు పియానో ప్యాచ్‌లో స్లైడర్‌ని కిందికి, అంటే 30 దగ్గరికి తెచ్చారనుకోండి. స్ట్రింగ్స్ ప్యాచ్‌కి మారారు, ఆ ప్యాచ్ తాను సేవ్ అయినప్పుడు ఉన్న 100తో తెరుచుకుంది. తెర మీద ఫేడర్ 100లో ఉంది, మీ వేలి కింద ప్లాస్టిక్ స్లైడర్ మాత్రం ఇంకా 30లోనే ఉంది. ప్లాస్టిక్‌ది తనంతట తాను పైకి లేవదు కదా. మీరు దాన్ని వెంట్రుకవాసి కదిపితే చాలు, 31 అనే అంకె వెళుతుంది, తెర మీద ఫేడర్ 100 నుంచి 31కి దూకుతుంది. హాల్లో కూర్చున్నవాళ్లకు స్ట్రింగ్స్ మాయమైపోయినట్టు వినిపిస్తుంది.

దీనికి మెయిన్‌స్టేజ్‌లోనే మందుంది. ఆ స్లైడర్‌కి కట్టిన స్క్రీన్ కంట్రోల్‌ని (తెర మీద కనిపించే ఫేడర్‌ని) ఎంచుకుని ఇన్‌స్పెక్టర్‌లో హార్డ్‌వేర్ మ్యాచింగ్ అనే చోట చూడండి. జంప్ అని ఉంటే పికప్ చేయండి. పికప్‌లో ఉన్నప్పుడు మీ స్లైడర్ తెర మీది విలువను దాటేదాకా సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోదు, ఆ చోటు దాటగానే పట్టుకుని అక్కడి నుంచి మీతో పాటు కదులుతుంది. మొదట్లో 'ఏంటి, స్లైడర్ పనిచేయట్లేదు' అనిపిస్తుంది, రెండు రిహార్సల్స్‌లో అలవాటైపోతుంది. మీ కంట్రోలర్‌లో ఆగకుండా తిరిగే నాబ్‌లు ఉంటే వాటికి ఈ గొడవే లేదు, అవి 'ఒక మెట్టు పైకి, ఒక మెట్టు కిందికి' అని మాత్రమే చెప్పేలా పెట్టుకోవచ్చు.

ఇక అసలు పని, లెవెల్స్ కలపడం. దీనికి ఓపిక కావాలి, తొందరపడొద్దు. అన్నింటికీ కొలబద్దగా మీరు ఎక్కువగా వాడే పియానో ప్యాచ్‌ని తీసుకోండి. హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టి స్పీకర్‌లో, స్టేజీ మీద వినే సౌండ్‌కి వీలైనంత దగ్గరగా వినండి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి. సన్నగా పెట్టి వింటే మన చెవికి బేస్, బాగా పైనుండే శబ్దాలు సరిగా అందవు. ఈ సంగతి ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి పదింటికి పక్క గదిలో పిల్లలు నిద్రపోతుంటే సన్నటి సౌండ్‌లో కలిపిన ప్యాచ్‌లు, మర్నాడు ఫంక్షన్ హాల్లో పెద్ద స్పీకర్ల మీద అడ్డదిడ్డంగా వినిపించేది అందుకే.

వాయించేటప్పుడు ఊరికే ఒక కార్డ్ నొక్కి చూడొద్దు. ఆ ప్యాచ్‌ని నిజంగా ఏ పాటలో ఏ బిట్‌కి వాడతారో ఆ బిట్టే, ఆ బలంతోనే వాయించండి. బ్రాస్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే బ్రాస్ ప్యాచ్‌లో కీని ఎంత గట్టిగా కొడితే అంత ఎగురుతుంది, ఇంట్లో మెత్తగా నొక్కి కలిపిన బ్రాస్ బారాత్ పాట జోష్‌లో రెండింతలవుతుంది. పియానో నుంచి స్ట్రింగ్స్‌కి, స్ట్రింగ్స్ నుంచి పియానోకి అటూ ఇటూ మారుతూ వినండి. ఎక్కువున్న దాన్ని తగ్గించండి, తక్కువున్న దాన్ని పెంచుకుంటూ పోవద్దు. పెంచుకుంటూ పోతే చివరికి లేయర్లన్నీ (ఒకే ప్యాచ్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చిన సౌండ్‌లు) కలిసిన చోట అవుట్‌పుట్ ఎర్రగా వెలిగి సౌండ్ చిట్లుతుంది.

మీటర్ కూడా చూడండి, కానీ సౌండ్ ఎగిరిన ఎత్తును మాత్రమే చూపించే పీక్ మీటర్‌ని నమ్మొద్దు. పియానో కొట్టిన క్షణంలో ఎగిరి పడిపోతుంది, ప్యాడ్, అంటే వెనకాల పరిచే సాగుడు సౌండ్, లేచిన చోటే నిలబడి ఉంటుంది. రెండింటి పీక్ ఒకటే ఉన్నా చెవికి ప్యాడ్ చాలా పెద్దగా వినిపిస్తుంది. లౌడ్‌నెస్ మీటర్ ప్లగిన్ ఒకటి వేసుకోండి, యూలీన్ వాళ్లది ఉచితంగా దొరికే వెర్షన్ ఉంది. అందులో షార్ట్ టర్మ్ అనే అంకె గత 3 సెకన్ల సౌండ్‌ని చెవి వినే తీరుకు దగ్గరగా కొలుస్తుంది. ఆ అంకెను పట్టుకుని ప్యాచ్‌లను దగ్గరికి తెచ్చి, ఆఖరి మాట మాత్రం చెవికే వదిలేయండి. బెల్స్, ఫ్లూట్ లాంటివి మీటర్‌లో తక్కువ చూపించినా మిక్స్‌లోంచి దూసుకొస్తాయి. లేయర్ ప్యాచ్‌లను విడిగా కలపాలి, అది మర్చిపోవద్దు. విడివిడిగా సరిపోయిన పియానో, స్ట్రింగ్స్ ఒకే ప్యాచ్‌లో కలిస్తే మొత్తం దాదాపు 3 డెసిబెల్స్ పెరుగుతుంది.

ఈ తగ్గింపు ఎక్కడ చేయాలి అన్నదే చాలామంది అడగని ప్రశ్న. వాల్యూమ్ ఒక్కచోట ఉండదు. ఇన్‌స్ట్రుమెంట్ ప్లగిన్‌కి సొంత అవుట్‌పుట్ ఉంటుంది, తర్వాత ఎఫెక్ట్స్, తర్వాత చానల్ స్ట్రిప్ (ఒక్కో సౌండ్‌కి తెర మీద ఉండే మిక్సర్ వరుస) ఫేడర్, దాని పైన మొత్తం కాన్సర్ట్ (ప్యాచ్‌లన్నీ ఉండే ఫైలు) మాస్టర్. ఓవర్‌డ్రైవ్, కంప్రెసర్ ఉన్న ఆర్గాన్ ప్యాచ్‌లో ప్లగిన్ అవుట్‌పుట్ తగ్గిస్తే వాల్యూమ్‌తో పాటు టోన్ కూడా మారిపోతుంది, ఓవర్‌డ్రైవ్‌కి అందే సౌండ్ తగ్గి ఆ గరగర పోతుంది. చానల్ స్ట్రిప్ ఫేడర్‌లో తగ్గిస్తే, రేపు ఆ ఫేడర్‌నే మీరు స్లైడర్‌కి కట్టాక మీ కొలత చెరిగిపోతుంది. అందుకని ప్రతి స్ట్రిప్‌లో ఎఫెక్ట్స్ అన్నింటి చివర గెయిన్ అనే చిన్న ప్లగిన్ వేసి, ఇంటి దగ్గర చేసే సర్దుబాటంతా అందులోనే చేయండి. ఫేడర్ స్టేజీకి మిగులుతుంది. నా లెక్కలో ఈ ఒక్క అలవాటుతోనే మీ కష్టాల్లో సగం తీరతాయి.

స్లైడర్‌ని కట్టే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను. లేఅవుట్ మోడ్‌లో తెర మీద ఒక ఫేడర్ పెట్టి లెర్న్ నొక్కి మీ స్లైడర్ కదపండి. తర్వాత ఎడిట్ మోడ్‌కి వచ్చి ఆ ఫేడర్‌ని ఎంచుకుని మ్యాప్ పారామీటర్ నొక్కి, మీకు కావాల్సిన చానల్ స్ట్రిప్ ఫేడర్ మీద క్లిక్ చేయండి. ఇక్కడ ఆపేయకండి, రేంజ్‌లో కనిష్ఠం, గరిష్ఠం కూడా పెట్టుకోండి. పియానో కింద పరిచే ప్యాడ్‌కి గరిష్ఠం ఫేడర్ పూర్తి పైదాకా ఎందుకు? మైనస్ 6 దగ్గర ఆపేయండి, స్లైడర్‌ని కంగారులో పైకి నెట్టేసినా ప్యాడ్ పాటను మింగేయదు.

ప్రశ్న: ఎక్స్‌ప్రెషన్ పెడల్ కొన్నాను. కిందికి నొక్కితే సౌండ్ తగ్గుతోంది, వదిలితే పెరుగుతోంది, మధ్యలో కొంత దూరం అసలేమీ జరగట్లేదు. దాన్ని వాల్యూమ్ 7కి పెట్టాలా, ఎక్స్‌ప్రెషన్ 11కి పెట్టాలా? ఇంకో ఇబ్బంది, కీబోర్డ్ మీద వాయిస్ బటన్ నొక్కిన ప్రతిసారీ ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ దానంతటదే మారిపోతోంది.
(మెహదీపట్నం నుంచి, సినిమా పాటల ఆర్కెస్ట్రాలో వాయించే పాఠకుడు)

పెడల్ గురించి మీరు రాసిన లక్షణాలన్నీ వైరింగ్ వైపు చూపిస్తున్నాయి. యమహా తరహా పెడల్స్‌లో, రోలాండ్ తరహా పెడల్స్‌లో జాక్ లోపల టిప్ (మొన), రింగ్ (దాని వెనక ఉంగరం) కలిపే తీరు తారుమారుగా ఉంటుంది. ఒక కంపెనీ పెడల్ ఇంకో తరహా కీబోర్డ్‌లో పెడితే తిరగబడటమో, సగంలో ఆగిపోవడమో జరుగుతుంది. పెడల్ అడుగున పొలారిటీ స్విచ్ ఉందేమో చూడండి, లేకపోతే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో పెడల్ రకం మార్చే చోటు వెతకండి. రెండూ లేకపోతే టిప్, రింగ్ మార్చిన చిన్న కేబుల్ కోఠి గుజరాతీ గల్లీలో చేయించుకోవచ్చు, సోల్డరింగ్ తెలిసిన ఎవరైనా చేసిస్తారు. సాఫ్ట్‌వేర్‌లో రేంజ్‌ని తిప్పేసి సరిపెట్టుకోవడం కూడా ఒక దారే కానీ, మధ్యలో ఏమీ జరగని ఆ ఖాళీ దానితో పోదు. అలాగే మీరు కొన్నది గిటార్‌వాళ్లు వాడే వాల్యూమ్ పెడల్ కాదు కదా అని ఒకసారి చూసుకోండి. దానిలోంచి సౌండే వెళుతుంది. మీకు కావాల్సినది మూడు పాయల టీఆర్ఎస్ జాక్ ఉన్న ఎక్స్‌ప్రెషన్ పెడల్.

7, 11 మధ్య తేడా గురించి. సీసీ అంటే కంట్రోల్ చేంజ్, మిడిలో ఒక్కో పనికి ఒక్కో నంబరు. సీసీ 7 అంటే ఆ చానల్ మొత్తం వాల్యూమ్, ఒకసారి పెట్టి వదిలేసేది. సీసీ 11 ఆ పెట్టిన వాల్యూమ్‌లో ఎంత భాగం ఇప్పుడు వినిపించాలో చెప్పేది. పెడల్ పూర్తిగా నొక్కితే మీరు ఇంట్లో కలిపిన లెవెల్ అంతా వస్తుంది, దాన్ని దాటి ఒక్క మెట్టు కూడా పైకి పోదు. కాబట్టి కాలు ఎప్పుడూ 11 మీదే ఉంచండి. జనరల్ మిడి అనే ఉమ్మడి ప్రమాణంలో మామూలుగా 7కి 100, 11కి 127 పెట్టి మొదలుపెడతారు, ఉద్దేశం ఇదే.

స్ట్రింగ్స్ లైబ్రరీలు వాడేవాళ్లకు ఇక్కడ ఇంకో మాట. చాలా లైబ్రరీల్లో సీసీ 1, అంటే కీబోర్డ్ మీదుండే మాడ్ వీల్ అనే చక్రం, వయొలిన్ విల్లును నెమ్మదిగా లాగిన శాంపిల్ నుంచి గట్టిగా లాగిన శాంపిల్‌కి తీసుకెళుతుంది. అది టోన్‌ని కూడా మారుస్తుంది, సీసీ 11 వాల్యూమ్‌ని మాత్రమే. మెలోడీ పాటలో ఇంటర్‌లూడ్ నెమ్మదిగా ఎత్తుకోవాలంటే రెండూ కలిపి కదపండి, అప్పుడే ఆ స్ట్రింగ్స్‌కి ఊపిరి వస్తుంది. 11 ఒక్కటే కదిపితే రేడియో నాబ్ తిప్పినట్టు ఉంటుంది.

పెడల్ సగం నొక్కితే సౌండ్ సగం అవుతుందని అనుకోవద్దు. జనరల్ మిడి సిఫారసు చేసిన లెక్క ప్రకారం 127 నుంచి 64కి వస్తే సౌండ్ సుమారు 12 డెసిబెల్స్ పడిపోతుంది, చెవికి సగానికంటే తక్కువ అనిపిస్తుంది. 90 దగ్గర 6 డెసిబెల్స్ తగ్గుదల. ప్రతి సాఫ్ట్‌వేరూ, ప్రతి ప్లగినూ ఇదే గీతను పాటించదు కాబట్టి మీ దాంట్లో పెడల్ ఎక్కడుంటే ఎంత పడుతుందో విని చూసుకోండి. మెయిన్‌స్టేజ్‌లో మ్యాపింగ్‌కి గ్రాఫ్ ఉంటుంది, గీతను వంచుకోవచ్చు. ఇంకా ముఖ్యంగా, పెడల్ పూర్తిగా వదిలేసినప్పుడు సున్నాకి పోకుండా కనిష్ఠం పెట్టుకోండి, 40, 50 చుట్టూ మొదలుపెట్టి మీ చెవికి సరిపడేలా సర్దుకోండి. స్టేజీ చీకట్లో కాలు జారి పెడల్ వెనక్కి పడిపోయినా పాట నడుస్తూనే ఉంటుంది.

వాయిస్ బటన్ నొక్కితే వాల్యూమ్ మారడం దగ్గరికి వద్దాం. ల్యాప్‌టాప్‌లో మిడి మానిటర్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరవండి, విండోస్‌లో అయితే మిడి-ఆక్స్. కీబోర్డ్ మీద వాయిస్ బటన్ ఒక్కసారి నొక్కండి. తెర మీద గబగబా వరుసలు దిగుతాయి: బ్యాంక్ నంబరు, ప్రోగ్రామ్ చేంజ్, వాటి వెంటే కంట్రోల్ 7, విలువ ఇంత అని, కంట్రోల్ 10, విలువ ఇంత అని. చాలా కీబోర్డ్‌లు తమ వాయిస్ మారగానే దాని వాల్యూమ్‌నీ (7), ప్యాన్‌నీ (10, సౌండ్ ఎడమకా కుడికా అన్నది) బయటికి పంపేస్తాయి. ఆ 7ని మీరు తెర మీద ఏ కంట్రోల్‌కీ కట్టకపోతే అది నేరుగా చానల్ స్ట్రిప్ ఫేడర్‌నే పట్టుకుని కదుపుతుంది. మెయిన్‌స్టేజ్ ఫేడర్‌లో 90 అంటే 0 డెసిబెల్స్, 127 అంటే ప్లస్ 6. కాబట్టి కీబోర్డ్ ఒక్క 127 పంపితే మీరు రాత్రంతా కూర్చుని కలిపిన లెవెల్ 6 డెసిబెల్స్ ఎగిరిపోతుంది. ముందు కీబోర్డ్ మెనూలోనే ప్రోగ్రామ్ చేంజ్, వాల్యూమ్ పంపడం ఆపేసే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. అది కుదరకపోతే తెర మీద మూలన ఒక చిన్న స్క్రీన్ కంట్రోల్ పెట్టి, దానికి సీసీ 7ని లెర్న్ చేయించి, ఏ పారామీటర్‌కీ మ్యాప్ చేయకుండా, దాని మిడి త్రూ సెట్టింగ్‌ని 'డోంట్ పాస్ త్రూ'లో పెట్టండి. వచ్చిన 7 అక్కడికొచ్చి ఆగిపోతుంది.

ప్రశ్న: నా దగ్గర మ్యాక్ లేదు, విండోస్ ల్యాప్‌టాప్. ఇవన్నీ నాకు కుదరవా?
(కూకట్‌పల్లి నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి, కాలేజీ బ్యాండ్)

ఎందుకు కుదరవు? మెయిన్‌స్టేజ్ మాత్రమే మ్యాక్‌కి పరిమితం. గిగ్ పెర్ఫార్మర్ రెండింట్లోనూ నడుస్తుంది, క్యాంటబైల్ విండోస్ కోసమే చేసింది. గిగ్ పెర్ఫార్మర్‌లో ప్యాచ్ అనే మాటకు బదులు ర్యాక్‌స్పేస్, దాని లోపల వేరియేషన్ అంటారు. ఒకే ర్యాక్‌స్పేస్‌లో పల్లవికి ఒక వేరియేషన్, చరణానికి ఒకటి పెట్టి, రెండింటికీ వేర్వేరు వాల్యూమ్ విలువలు దాచుకోవచ్చు. ప్లగిన్‌లు అవే, నాబ్‌ల విలువలు మాత్రమే మారతాయి కాబట్టి మార్పు చాలా తేలిగ్గా జరిగిపోతుంది.

మీ దగ్గర ఇప్పటికే ఏబుల్టన్ లైవ్ ఉంటే దానితోనే మొదలుపెట్టండి. సెట్టింగ్స్‌లో టేకోవర్ మోడ్ అని ఒకటుంది, నన్, పికప్, వాల్యూ స్కేలింగ్ అని మూడు రకాలు. నన్ అంటే మొదటి ఉత్తరానికి జవాబులో చెప్పిన, ఫేడర్ ఒక్కసారి దూకడమే. వాల్యూ స్కేలింగ్ మధ్యేమార్గం, స్లైడర్ కదిపిన వెంటనే తెర మీది ఫేడర్ కూడా కదలడం మొదలుపెట్టి, నెమ్మదిగా రెండూ ఒకచోట కలుస్తాయి. పికప్‌లో ఆ 'పనిచేయట్లేదు' అనే క్షణం మీకు నచ్చకపోతే ఇది పెట్టుకోండి. ఏది వాడినా పరీక్షల ముందు సాఫ్ట్‌వేర్ మార్చొద్దు, ఫెస్ట్ ముందు అసలే మార్చొద్దు.

ప్రశ్న: నేను గాయనిని. మా కీబోర్డ్ ప్లేయర్ ఇంట్లో ప్యాచ్‌లన్నీ సరిగ్గా కలుపుకునే వస్తాడు, రిహార్సల్‌లో బాగుంటుంది. హాల్లోకి వెళ్లాక ప్యాడ్ వినిపించదు, పియానో గుల్లగా ఉంటుంది, చరణంలో మాత్రం బ్రాస్ నా గొంతు మీదికి వస్తుంది. సౌండ్ ఆపరేటర్ ఫేడర్ పైకీ కిందికీ లాగుతూనే ఉంటారు. ఎవరిని అడగాలి?
(నల్లకుంట నుంచి)

అమ్మా, మీరు ఇద్దరినీ ఒకచోట నిలబెట్టి అడగండి, ఎందుకంటే తప్పు ఇద్దరి మధ్యలో ఉంది. మీ ప్లేయర్ ఇంట్లో స్టీరియోలో విని కలిపారు. చాలా ఫంక్షన్ హాళ్లలో సిస్టమ్ మోనో. ల్యాప్‌టాప్ నుంచి వచ్చే ఎడమ, కుడి రెండు లైన్లూ మిక్సర్‌లో కలిసి ఒకటైపోతాయి. ప్యాడ్‌ని వెడల్పుగా వినిపించడానికి కోరస్ లాంటి ఎఫెక్ట్స్ రెండు వైపులా కొద్దిగా తేడాగా, ఒక్కోచోట ఒకదానికొకటి తలకిందులుగా సౌండ్ పంపుతాయి. అవి రెండూ కలిసినప్పుడు కొంత భాగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆకాశమంత విశాలంగా ఉన్న ప్యాడ్ హాల్లో మాయమవడం, స్టీరియో పియానో గుల్లగా మారడం అందువల్లే. బ్రాస్ సాధారణంగా మధ్యలోనే ఉంటుంది కాబట్టి అదేమీ తగ్గదు, పక్కవి తగ్గేసరికి అది పెద్దదైపోతుంది. ప్యాచ్ లెవెల్స్ ఎంత జాగ్రత్తగా కలిపినా ఇక్కడ చెల్లాచెదురవుతాయి.

మందు తేలికే. అవుట్‌పుట్‌లో గెయిన్ ప్లగిన్ వేసి అందులో మోనో నొక్కి, అప్పుడు మళ్లీ ప్యాచ్‌లన్నీ ఒక రౌండు వినమనండి. మోనోలో నిలబడని ప్యాడ్‌కి వెడల్పు తగ్గించాలి లేదా ప్యాడే మార్చాలి. మోనోలో కలిపినవి శిల్పకళా వేదిక లాంటి పెద్ద ఆడిటోరియంలో స్టీరియో సిస్టమ్ మీద కూడా బాగానే ఉంటాయి, తిరగేసి చేస్తే ఉండవు.

సౌండ్‌చెక్‌లో ఆపరేటర్‌కి ఏం వినిపిస్తున్నారు అన్నది కూడా చూడండి. మనవాళ్లు ఎక్కువమంది పియానోలో రెండు కార్డ్‌లు వాయించి 'ఓకే అన్నా' అనేస్తారు. ఆపరేటర్ ఆ పియానోకి గెయిన్ పెట్టుకుంటారు, ప్రోగ్రామ్ మధ్యలో బ్రాస్ వచ్చేసరికి మిక్సర్‌లో ఎర్ర లైటు వెలిగి ఆయన ఫేడర్ లాగేస్తారు, తర్వాతి పియానో వినపడదు, మళ్లీ పెంచుతారు. అందుకని సౌండ్‌చెక్‌లో ముందు తన దగ్గరున్న అన్నిటికంటే పెద్ద ప్యాచ్ పూర్తి జోష్‌తో వాయించి గెయిన్ పెట్టించుకోవాలి, తర్వాత అన్నిటికంటే సన్నటిది వినిపించాలి, తర్వాత మీరు చరణం పాడుతుండగా బ్రాస్ బిట్ వాయించాలి. 'ఈ రెండిటి మధ్యలోనే ఉంటాను అన్నా, మీరు ఫేడర్ ఒకచోట పెట్టేయండి' అని ఆపరేటర్‌కి చెప్పాలి. ఆపరేటర్లు ఇలాంటి మాట చెప్పే ప్లేయర్‌ని ఎంతో ఇష్టపడతారు, ఆ తర్వాత రోజంతా మీకు మానిటర్‌లో ఏది కావాలన్నా వెంటనే ఇస్తారు. మాస్టర్ వాల్యూమ్ మాత్రం ప్రోగ్రామ్ నడుస్తుండగా స్టేజీ మీద నుంచి ముట్టుకోవద్దని మీ ప్లేయర్‌కి గట్టిగా చెప్పండి. హాల్లో మొత్తం ఎంత ఉండాలో ఎదురుగా కూర్చున్న మనిషికే తెలుస్తుంది.

ప్రశ్న: చర్చిలో ప్రార్థన జరుగుతున్నప్పుడు వెనకాల ప్యాడ్ పట్టుకుని ఉండాలి, ఆ మీదే తర్వాతి పాటకు పియానో ప్యాచ్‌లోకి వెళ్లాలి. మార్చగానే ప్యాడ్ తెగిపోతుంది, లేదా మెల్లగా తగ్గిస్తుంటే చివర్లో మెట్లు మెట్లుగా పడుతుంది.
(మల్కాజ్‌గిరి నుంచి)

కీలు పట్టుకుని ఉంచి ప్యాచ్ మారిస్తే మెయిన్‌స్టేజ్ పాత ప్యాచ్ స్వరాన్ని మీరు వదిలేదాకా మోగనిస్తుంది, సస్టెయిన్ పెడల్ తొక్కి పట్టినా అంతే. కానీ రెండు చేతులూ పియానోకి కావాలి కాబట్టి అది చాలదు. ప్యాడ్‌ని ప్యాచ్ లోపల కాకుండా సెట్ స్థాయిలో పెట్టండి. మెయిన్‌స్టేజ్‌లో కాన్సర్ట్, దాని లోపల సెట్లు, సెట్ల లోపల ప్యాచ్‌లు ఉంటాయి కదా, సెట్ స్థాయిలో పెట్టిన చానల్ స్ట్రిప్ ఆ సెట్‌లోని ప్యాచ్‌లన్నింటి కిందా ఆగకుండా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: పై స్థాయిలో పెట్టిన ఇన్‌స్ట్రుమెంట్ తన కీల పరిధిలో ప్యాచ్‌లోని ఇన్‌స్ట్రుమెంట్‌లను మోగనివ్వదు. అందుకే ప్యాడ్‌కి కీబోర్డ్ ఎడమ చివరి ఒక్క ఆక్టేవ్ మాత్రమే ఇచ్చి, మిగతాదంతా పియానోకి వదలండి. మీది 61 కీలైతే ఆ ఆక్టేవ్ పోవడం కొంచెం బాధే, చిన్న 25 కీల కంట్రోలర్ ఒకటి పక్కన పెట్టుకుంటే ఆ బాధ కూడా ఉండదు. ప్యాడ్ వాల్యూమ్‌ని కూడా అదే సెట్ స్థాయిలో ఒక స్లైడర్‌కి కట్టండి, అప్పుడు ప్యాచ్ మారినా అది మీ చేతిలోనే ఉంటుంది, ఏ ప్యాచ్‌లో దాచిన విలువా దాన్ని కదపదు.

చివర్లో మెట్లు వినిపించడానికి కారణం ఆ 128 మెట్ల లెక్కే. పైన చెప్పిన గీత ప్రకారం 127 నుంచి 126కి దిగితే తేడా ఒక డెసిబెల్‌లో ఏడో వంతు కూడా ఉండదు, చెవికి అందదు. అదే 2 నుంచి 1కి దిగితే ఒక్క మెట్టులోనే 12 డెసిబెల్స్. కొన్ని ప్లగిన్‌లు ఈ మెట్లను లోపలే నునుపు చేసుకుంటాయి, మీది చేసుకోవట్లేదు. 2020లో వచ్చిన మిడి 2.0లో కంట్రోలర్ విలువలు 32 బిట్‌లకు పెరిగాయి, కానీ అది పని చేయాలంటే మీ కంట్రోలర్, సాఫ్ట్‌వేర్ రెండూ దాన్ని ఒప్పుకోవాలి. అందాకా ఒక పని చేయండి. స్లైడర్ కనిష్ఠాన్ని మైనస్ 30 చుట్టుపక్కల ఆపేయండి, స్లైడర్ అంతా ఈ చిన్న పరిధిలోనే కదులుతుంది కాబట్టి మెట్లు దగ్గరవుతాయి. మిగిలిన ఆ కొంచెం సౌండ్‌ని కీలు వదిలేసి ప్యాడ్ రిలీజ్‌కి (కీ వదిలాక సౌండ్ ఆరిపోవడానికి పట్టే సమయానికి) అప్పగించండి. రిలీజ్ 4, 5 సెకన్లు పెట్టుకుంటే పాస్టర్ గారు 'ఆమెన్' అనేలోపు అదే సన్నగిల్లి పోతుంది, మీ చేతులు అప్పటికే పియానో మీద ఉంటాయి.